ఐరిగ్-బి సిగ్నల్ వచ్చి పోతోందా? మాస్టర్ క్లాక్ మార్చే ముందు ఇవి చూడండి

హన్మకొండ దగ్గర 220 కేవీ సబ్‌స్టేషన్‌లో పనిచేసే ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కంట్రోల్ రూమ్‌లో జీపీఎస్ మాస్టర్ క్లాక్ ఉంది. దాని నుంచి టైమ్‌ను పల్సులుగా మోసుకెళ్లే ఐరిగ్-బి సిగ్నల్ ఒకే కోయాక్స్ కేబుల్ మీద ప్యానెల్ నుంచి ప్యానెల్‌కి వెళ్తుంది. ఈ మధ్య కొత్త ఫీడర్ బే (ఒక లైన్‌కు సంబంధించిన పరికరాల వరస) వచ్చింది. యార్డ్‌లోని బే కియోస్క్‌లో (చిన్న గదిలో) ఉన్న దాని రిలేలను, అంటే ఫాల్ట్ పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే పరికరాలను కూడా అదే కేబుల్ చివర కలిపారు. అప్పటి నుంచి చివరి రెండు ప్యానెళ్లలో ‘టైమ్ సింక్ ఫెయిల్’ అలారం వస్తోంది, పోతోంది. ఐసోలేటర్ (లైన్‌ను విడదీసే స్విచ్) ఆపరేట్ చేస్తే మాత్రం తప్పకుండా వస్తోంది. కొత్త రిలేల్లో ఒకటి సింక్ అయినట్టే చూపిస్తూ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంది. క్లాక్ మీద ఉపగ్రహాలు అందుతున్నాయని చెప్పే లాక్ దీపం పచ్చగానే ఉంది. సప్లయర్ తరఫున వచ్చినాయన క్లాక్ పాతదైంది, మార్చాలంటున్నాడు. మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పినవాటిలో ఒక్క లక్షణం కూడా క్లాక్ పాడైందని చెప్పడం లేదు. క్లాక్ చెడితే దాని కింద ఉన్న రిలేలన్నీ ఒకేసారి, ఒకే తీరుగా తప్పుతాయి. మీ దగ్గర మొదటి ప్యానెళ్లు బాగున్నాయి, చివరివి మాత్రమే తడబడుతున్నాయి. అంటే సిగ్నల్ పుట్టిన చోట బాగుంది, దారిలో నీరసపడుతోంది. ఐదున్నర గంటల సంగతి పూర్తిగా వేరే కథ, దానికీ కేబుల్‌కీ సంబంధం లేదు. రెండింటినీ కలిపి ఒకే జబ్బు అనుకోవడం వల్లే క్లాక్ మార్చాలనే మాట వచ్చింది.

ముందు ఒక జాగ్రత్త చెప్తాను. టైమ్ సిగ్నల్ ట్రిప్ సర్క్యూట్‌లో ఉండదు కదా, పీకేస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. కొన్ని లైన్ డిఫరెన్షియల్ పథకాల్లో రెండు చివరల కరెంటును పోల్చడానికి జీపీఎస్ టైమే ఆధారం. అలాంటి రిలే ఆ కేబుల్ మీద ఉందేమో డ్రాయింగ్‌లో చూసి, షిఫ్ట్ ఇంజినీర్‌కు చెప్పి, అనుమతి తీసుకున్నాకే కనెక్టర్ మీద చెయ్యి వేయండి. ప్యానెల్ వెనక బీఎన్‌సీ (కోయాక్స్ కనెక్టర్) పక్కనే సీటీ (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) టెర్మినళ్లు ఉంటాయి. సీటీ సెకండరీ ఓపెన్ అయితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక సిగ్నల్ ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఐరిగ్-బి సెకనుకు 100 పల్సులు పంపుతుంది, ఒక్కోదానికి 10 మిల్లీసెకన్ల జాగా. ఆ జాగాలో పల్స్ 2 మిల్లీసెకన్లు పైన ఉంటే సున్నా, 5 ఉంటే ఒకటి, 8 ఉంటే గుర్తు పల్స్. 8 మిల్లీసెకన్ల పల్సులు రెండు పక్కపక్కన వచ్చాయంటే కొత్త ఫ్రేమ్ (ఒక సెకను పాటు సాగే 100 పల్సుల వరస) మొదలైనట్టు. ఆ రెండోదాని ముందు అంచే అసలైన సెకను. అక్కడి నుంచి వరసగా సెకన్లు, నిమిషాలు, గంటలు, సంవత్సరంలో ఎన్నో రోజు అన్నది వస్తాయి. తారీఖు, నెల అని విడిగా ఉండవు. మామూలు కోడ్‌లో సంవత్సరం కూడా ఉండదు. ఐట్రిపుల్ఈ 1344, ఆ తర్వాతి సీ37.118 ప్రమాణాల పొడిగింపులు ఉన్న కోడ్‌లో సంవత్సరం, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్)తో తేడా, టైమ్ క్వాలిటీ అనే వివరాలు అదనంగా వస్తాయి.

ఇదే కోడ్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి నేరుగా డీసీ పల్సులు, బీ000 నుంచి బీ007 దాకా ఉన్న రకాలు. రెండోది 1 కిలోహెర్ట్జ్ క్యారియర్ మీద ఎక్కించి పంపేది, బీ120, బీ122 లాంటివి. క్లాక్ వెనక రెండింటికీ ఒకే రకం బీఎన్‌సీ సాకెట్లు ఉంటాయి, చూస్తే తేడా తెలియదు. డీసీ కావాల్సిన రిలేకి క్యారియర్ రకం కలిపితే అది జన్మలో సింక్ అవ్వదు. మీ చివరి ప్యానెళ్లు అప్పుడప్పుడైనా సింక్ అవుతున్నాయి కాబట్టి ఈ తప్పు మీ దగ్గర లేదు.

పల్సుల ఆకారం చూపే స్కోప్ (ఆసిలోస్కోప్) అందరి దగ్గరా ఉండదు, మల్టీమీటర్ ఉంటుంది. దానితోనే చాలా దూరం వెళ్లొచ్చు. మీటర్‌ను డీసీ వోల్టులకు పెట్టి, టీ కనెక్టర్ ఖాళీ చివర దగ్గర మధ్య పిన్‌కూ షెల్‌కూ మధ్య చూడండి. మీటర్ చూపించేది సగటు. ఫ్రేమ్‌లో 11 గుర్తు పల్సులు తప్పనిసరిగా ఉంటాయి, మిగతా 89లో ఎక్కువ శాతం సున్నాలే. లెక్క వేస్తే సెకనులో సుమారు 270 నుంచి 360 మిల్లీసెకన్లే సిగ్నల్ పైన ఉంటుంది. కాబట్టి 5 వోల్టుల సిగ్నల్ ఆరోగ్యంగా ఉంటే మీటర్ సుమారు 1.3 నుంచి 1.8 వోల్టులు చూపాలి, టైమ్ మారేకొద్దీ అంకె కొంచెం ఊగుతుండాలి. ఊగకుండా నిలిచిపోయిన రీడింగ్ వస్తే అనుమానించండి. 3.3 వోల్టుల దరిదాపుల్లో వస్తే సిగ్నల్ తిరగబడింది. ఆర్ఎస్-485 జత వైర్ల మీద వచ్చే చోట ప్లస్, మైనస్ అటూ ఇటూ అయితే ఇదే జరుగుతుంది. అప్పుడు ప్రతి సున్నా రిలేకి గుర్తు పల్స్‌లా కనిపిస్తుంది, ఎక్కడ మొదలో దానికి అర్థం కాదు. డీసీలో దాదాపు సున్నా చూపించి, ఏసీలో మాత్రం వోల్టేజి కనిపిస్తే అది క్యారియర్ రకం.

ఇప్పుడు మీ కేసు. క్లాక్ దగ్గర, మధ్య ప్యానెల్ దగ్గర, చివరి ప్యానెల్ దగ్గర మూడు చోట్లా ఈ కొలత తీసి కాగితం మీద రాయండి. నా అంచనా ప్రకారం మొదట్లో 1.4 ఉన్నది చివరికొచ్చేసరికి 0.7, 0.8కి పడిపోయి ఉంటుంది. సగటును సుమారు మూడుతో గుణిస్తే పల్స్ ఎత్తు వస్తుంది, అంటే చివర 2, 2.4 వోల్టులే మిగిలాయన్నమాట. టీటీఎల్ (5 వోల్టుల లాజిక్) ఇన్‌పుట్‌లో 2 వోల్టులు దాటితేనే పైన ఉన్నట్టు లెక్క, కొన్ని రిలేలు ఇంకొంచెం ఎక్కువే అడుగుతాయి. సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. చిన్న రొద తగిలినా కిందికి జారుతుంది, కియోస్క్‌లో వేడి పెరిగినా జారుతుంది.

ఎందుకు పడిపోయింది? రెండు కారణాలు చూడండి. మొదటిది లోడు. ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురుగా మార్చి దాటించే భాగం) ఉన్న రిలే ఇన్‌పుట్ 5 నుంచి 10 మిల్లీఆంప్‌ల దాకా లాగుతుంది, కొన్ని రకాలు ఒకటి రెండుతో సరిపెట్టుకుంటాయి. క్లాక్ ఒక అవుట్‌పుట్ ఎంత ఇవ్వగలదో దాని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. పాత రిలేలూ కొత్త రిలేలూ కలిపి మొత్తం ఎంత అవుతుందో కూడండి. కమిషనింగ్ నాడు ఈ కూడిక చేసినవాళ్లు తక్కువ, బే పెరిగినప్పుడు మళ్లీ చేసినవాళ్లు ఇంకా తక్కువ.

రెండోది, నాకు ఎక్కువ అనుమానం ఉన్నది, టెర్మినేటర్ అనే రెసిస్టర్. కేబుల్ చివర 50 ఓమ్‌ల టెర్మినేటర్ పెట్టాలని ఎక్కడో చదివి కొత్త బే పనిలో ఒకటి బిగించి ఉండొచ్చు. 5 వోల్టుల దగ్గర అదొక్కటే 100 మిల్లీఆంప్‌లు లాగుతుంది, అంటే ఏ పది రిలేలో లాగేంత. క్లాక్ లోపల కూడా 50 ఓమ్‌ల సిరీస్ రెసిస్టర్ ఉంటే సిగ్నల్ అక్కడికక్కడే సగమైపోతుంది. సబ్‌స్టేషన్‌లో ఉండే దూరాల్లో డీసీ పల్సులకు చాలాసార్లు అది అవసరమే ఉండదు. క్లాక్ మాన్యువల్ ఏమంటుందో చూడండి, అది అడగకపోతే తీసేసి మళ్లీ కొలవండి. రీడింగ్ ఒక్కసారిగా పైకి లేస్తే మీ సమస్యలో పెద్ద ముక్క దొరికినట్టే.

ఇదంతా చేశాక కూడా ఐసోలేటర్ ఆపరేషన్ సమయంలో సింక్ పోవడం ఆగకపోవచ్చు. దానికి కారణం కేబుల్ వెళ్లే దారి. కంట్రోల్ రూమ్‌లోని ప్యానెళ్ల మధ్య కోయాక్స్ పర్వాలేదు. అదే కేబుల్‌ను ట్రెంచ్‌లో సీటీ, పీటీ (వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్), 220 వోల్టుల డీసీ కేబుళ్ల పక్కన పడుకోబెట్టి యార్డ్‌లోని కియోస్క్ దాకా లాగితే ఐసోలేటర్ బ్లేడ్ దగ్గర మెరిసే ప్రతి ఆర్క్ దాని మీద పడుతుంది. పైగా స్విచింగ్ సమయంలో కంట్రోల్ రూమ్ ఎర్త్‌కూ కియోస్క్ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి తేడా వస్తుంది. షీల్డ్ రెండు వైపులా ఎర్త్ అయి ఉంటే ఆ తేడా వల్ల పుట్టే కరెంటు షీల్డ్‌లో పారి, సిగ్నల్‌లో కలుస్తుంది. షీల్డ్‌ను ఒక వైపే ఎర్త్ చేయడం తాత్కాలిక ఉపశమనం. శాశ్వతంగా పోవాలంటే భవనం దాటే ప్రతి చోటా ఫైబర్ వేయాలి. క్లాక్ వైపు ఒక ఎలక్ట్రికల్-ఆప్టికల్ కన్వర్టర్, కియోస్క్‌లో ఇంకొకటి, అక్కడి నుంచి పొట్టి కోయాక్స్. కొత్త క్లాక్ ఖర్చులో ఇది చిన్న భాగం. కొత్త క్లాక్ కొన్నా పాత కేబుల్ మీదే పంపితే మళ్లీ ఇదే అలారం చూస్తారు.

ఐదున్నర గంటల రిలే దగ్గరికి వద్దాం. టైమ్ తేడా ఎంతో ఖచ్చితంగా చూడటం ఈ పనిలో అన్నిటికంటే విలువైన అలవాటు. తేడా అంకే కారణం చెప్పేస్తుంది. ఐదున్నర గంటలు వెనక అంటే ఆ రిలే యూటీసీ చూపిస్తోంది, సిగ్నల్‌ను చక్కగా చదువుతోంది. క్లాక్ యూటీసీ పంపుతూ మిగతా రిలేలు తమ సెట్టింగ్‌లో ఐదున్నర కలుపుకుంటూ ఉండొచ్చు. లేదా క్లాక్ ఐఎస్‌టీ (భారత టైమ్) పంపుతూ, తేడాను కూడా కోడ్‌లో చెబుతుంటే ఈ రిలే దాన్ని తీసేసి యూటీసీకి మారి అక్కడే ఆగి ఉండొచ్చు. ఏదైనా సరిచేయాల్సింది ఆ రిలే సెట్టింగే. ఒక్క రిలే కోసం క్లాక్‌లో ఆఫ్‌సెట్ మార్చారో, బాగున్న రిలేలన్నీ తప్పుతాయి.

క్లాక్ నిజంగా ఏం పంపుతోందో దాని ముందున్న డిస్‌ప్లే చెప్పదు. డిస్‌ప్లే ఐఎస్‌టీ చూపిస్తూ అవుట్‌పుట్ యూటీసీ పంపే క్లాక్‌లు మామూలే. ఏ సర్కిల్ ఎంఆర్‌టీ (మీటర్లు, రిలేలు పరీక్షించే విభాగం) వాళ్లనైనా అడిగి స్కోప్ తెచ్చుకుంటే రెండు నిమిషాల్లో తేలుతుంది. మధ్యాహ్నం 2 గంటల 45 నిమిషాలకు చూస్తున్నారనుకోండి. ఫ్రేమ్ మొదలు నుంచి 20వ స్థానం దగ్గర గంటలు మొదలవుతాయి. మొదలు పల్స్‌ను సున్నాగా లెక్కపెట్టాలి. అక్కడి నుంచి నాలుగు పల్సుల విలువలు 1, 2, 4, 8. తర్వాత ఒకటి ఖాళీ. ఆపై రెండింటి విలువలు 10, 20. సన్నం అంటే సున్నా, వెడల్పు అంటే ఒకటి. ఐఎస్‌టీ వస్తుంటే గంట 14 కాబట్టి ‘సన్నం, సన్నం, వెడల్పు, సన్నం’, ఖాళీ, ‘వెడల్పు, సన్నం’ కనిపించాలి. యూటీసీ అయితే అప్పుడు 9 గంటల 15 నిమిషాలు, కాబట్టి ‘వెడల్పు, సన్నం, సన్నం, వెడల్పు’, ఖాళీ, ఆపై రెండూ సన్నం. ఒక్కసారి కంటితో చదివి చూడండి, ఇక ఈ సిగ్నల్ అంటే భయం ఉండదు.

మిగతా అంకెలు కూడా గుర్తుంచుకోండి, ఎప్పుడో పనికొస్తాయి. యూటీసీగా మార్చి పంపే పీఎంయూ (కరెంటు, వోల్టేజి కోణాలు కొలిచేది) లాంటి పరికరం 11 గంటలు తప్పితే ఆఫ్‌సెట్ గుర్తు తిరగబడింది. 1344లో ఉన్న ప్లస్, మైనస్ పద్ధతి సీ37.118లో తలకిందులు. క్లాక్ ఒకటి, పరికరం ఇంకొకటి పాటిస్తే ఐదున్నర రెండింతలవుతుంది. 30 నిమిషాల తేడా వస్తే అరగంటను చెప్పే బిట్‌ను ఆ పరికరం పట్టించుకోవడం లేదు. గంటల ఆఫ్‌సెట్ ఉన్న దేశాల్లో ఈ లోపం ఎన్నటికీ బయటపడదు, మన దగ్గర మొదటి రోజే పడుతుంది. సరిగ్గా 1 సెకను వెనక ఉంటే, ఫ్రేమ్ చదవడం పూర్తయ్యేసరికి గడిచిన సెకనును పరికరం కలుపుకోవడం లేదు. 18 సెకన్లు ముందుంటే క్లాక్ యూటీసీకి బదులు ముడి జీపీఎస్ టైమ్ ఇస్తోంది. 2017 జనవరి 1 నుంచి ఆ రెండింటి మధ్య తేడా 18 సెకన్లు. క్లాక్‌ను చాలాకాలం తర్వాత ఆన్ చేసినప్పుడు ఆ సమాచారం ఉపగ్రహాల నుంచి పూర్తిగా అందడానికి 12న్నర నిమిషాల దాకా పట్టొచ్చు, కాసేపు ఆగి చూడండి.

తారీఖు ఒక రోజు ముందుకెళ్లిందంటే రిలేలో సంవత్సరం తప్పుగా ఉంది. లీపు సంవత్సరంలో 61వ రోజు మార్చి 1, మామూలు సంవత్సరంలో అదే మార్చి 2. సంవత్సరం లేని కోడ్ పంపుతుంటే రిలేలో దాన్ని చేత్తో పెట్టాల్సిందే. తారీఖు ఏకంగా 19 ఏళ్లకు పైగా వెనక్కి పోతే మాత్రం అప్పుడు నిజంగా క్లాక్ వైపు చూడండి. జీపీఎస్ వారాల లెక్క 1024 కాగానే మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలాగే వచ్చింది. పాత రిసీవర్లకు ఫర్మ్‌వేర్ మార్పు లేకపోతే ఇక కొత్తది కొనాల్సిందే.

తేడా ఒకే అంకె మీద నిలవకుండా రోజురోజుకీ పెరుగుతుంటే అది సింక్ లేకుండా సొంత గడియారం మీద నడుస్తోంది. మామూలు క్వార్ట్‌జ్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తప్పినా రోజుకు 1.7 సెకన్లు పోతాయి. మాస్టర్ క్లాక్‌కే ఉపగ్రహాలు అందకపోతే అది కూడా ఇలాగే జారుతుంది, కాకపోతే నెమ్మదిగా. లోపలి ఆసిలేటర్ 1 పీపీఎం తప్పితే రోజుకు 86 మిల్లీసెకన్లు. ఇందులో ప్రమాదం ఏమిటంటే రిలేలకు సిగ్నల్ బాగానే అందుతూ ఉంటుంది, అవన్నీ సింక్ అయినట్టే చూపిస్తాయి, అందరూ కలిసి తప్పు టైమ్ రాస్తుంటారు. పొడిగింపు కోడ్‌లోని టైమ్ క్వాలిటీ అంకె దీన్ని పట్టుకోవడానికే ఉంది. సున్నా అంటే లాక్‌లో ఉంది, అంకె పెరిగేకొద్దీ నమ్మకం తగ్గుతుంది, 15 అంటే క్లాకే ఫెయిల్. మీ రిలేలు, క్లాక్ ఆ కోడ్‌ను సపోర్ట్ చేస్తే తప్పక ఆన్ చేయండి.

మన పక్క లాక్ పోవడానికి పెద్ద కారణం కోతులు. వరంగల్, హన్మకొండ, భూపాలపల్లి వైపు కంట్రోల్ రూమ్ కప్పు మీద యాంటెన్నా కేబుల్‌ను జీఐ పైపులో పెట్టకుండా వదిలేస్తే అవి కొరుకుతాయి, పట్టుకుని ఊగుతాయి. పూర్తిగా తెగితే క్లాక్ వెంటనే అలారం ఇస్తుంది. పైతొడుగు మాత్రమే చిరిగితే వానాకాలం దాకా ఏమీ తెలియదు, ఆ తర్వాత నీళ్లు లోపలికి దిగి లాక్ పోతూ వస్తూ ఉంటుంది. కనెక్టర్ విప్పితే మధ్య తీగ చుట్టూ పచ్చగా కిలుం పట్టి కనిపిస్తుంది. చాలా క్లాక్‌ల మెనూలో యాంటెన్నా కరెంటు చూపిస్తారు. సున్నా అయితే తెగింది, మామూలుకంటే బాగా పెరిగితే ఎక్కడో షార్ట్. యాంటెన్నా పక్కన తర్వాత కట్టిన వాటర్ ట్యాంక్ ఏమైనా ఆకాశాన్ని కప్పేసిందా అన్నది కూడా ఒకసారి పైకెక్కి చూడండి.

ఇంత తిప్పలు దేనికి, టైమ్ కొంచెం అటూ ఇటూ అయితే ఏమిటని స్టేషన్‌లో ఎవరైనా అంటే వాళ్లకు ఈ లెక్క చెప్పండి. 50 హెర్ట్జ్ మీద 1 మిల్లీసెకను అంటే 18 డిగ్రీలు. రామగుండం వైపు నుంచి వచ్చే లైన్ మీద ఫాల్ట్ పడితే రెండు చివరల డీఆర్ (డిస్టర్బెన్స్ రికార్డర్) రికార్డులు పక్కపక్కన పెట్టి ఏ బ్రేకర్ ముందు తెరుచుకుందో చూస్తాం. టైమ్ కలవకపోతే ఆ పోలికకు అర్థమే లేదు. పీఎంయూకు 31 మైక్రోసెకన్లు తప్పితేనే దానికి అనుమతించిన 1 శాతం తప్పు మొత్తం నిండిపోతుంది. ఫాల్ట్ ఎంత దూరంలో పడిందో చెప్పే ట్రావెలింగ్ వేవ్ ఫాల్ట్ లొకేటర్‌కు రెండు చివరల మధ్య 1 మైక్రోసెకను తేడా అంటే 150 మీటర్లు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో గ్రిడ్ కూలినప్పుడు దర్యాప్తు చేసినవాళ్లకు ఎక్కడ ఏది ముందు జరిగిందో వరస పేర్చడమే పెద్ద పని అయింది, ఎందుకంటే చాలా రికార్డర్ల టైమ్ ఒకదానితో ఒకటి కలవలేదు. అర్ధరాత్రి ట్రిప్ అయిన ఫీడర్‌కు కారణం చెప్పాల్సిన ఇంజినీర్‌కు ఆ బాధ తెలుసు.

మీరు చేయాల్సిన వరస ఇదీ. ముందు టెర్మినేటర్ ఉందేమో చూసి, మూడు చోట్ల డీసీ వోల్టేజి కొలవండి. తర్వాత కొత్త బే రిలేలను తాత్కాలికంగా కేబుల్ నుంచి విడదీసి పాత చివరి ప్యానెల్ ఒక రోజు నిలకడగా ఉంటుందో లేదో చూడండి. ఉంటే లోడు సంగతి ఖాయం. క్లాక్ వెనక ఖాళీ అవుట్‌పుట్ ఉంటే కొత్త బేకి దాన్నుంచి విడిగా ఇవ్వండి, అది ఫైబర్ మీద. ఐదున్నర గంటల రిలేలో ఆఫ్‌సెట్ సెట్టింగ్ మార్చే ముందు పక్కన సరిగ్గా నడుస్తున్న రిలే సెట్టింగ్ ఫైల్ తెరిచి పోల్చండి. కొలతలు, క్లాక్ అవుట్‌పుట్ ఎంత కరెంటు ఇవ్వగలదో, రిలేల ఇన్‌పుట్ ఎంత లాగుతుందో ఇక్కడ రాస్తే ఎన్ని రిలేలు ఒక కేబుల్ మీద నిలుస్తాయో కలిసి లెక్క వేద్దాం.